బంద్ రోజుల పరీక్ష హాలు

ఆదివారం, రాత్రి

ఎంసెట్ అయిపోయింది. హాల్లో బెంచీ విశాలంగా ఉంది, ఫ్యాను తిరుగుతోంది, ఎక్కడా చప్పుడు లేదు. నాకు మాత్రం నాన్న కారు వెనక సీటే గుర్తొచ్చింది.

తెలంగాణ బంద్ అన్నప్పుడల్లా బాచుపల్లి కోచింగుకు బస్సులుండేవి కావు. ఐటీ ఆఫీసులకు తిరిగే నాన్న క్యాబ్ కూడా కొత్తగూడలో మా ఇంటి ముందే ఆగిపోయేది. ఇంట్లో తమ్ముళ్ల గోల. అందుకే మోడల్ పేపర్లన్నీ ఆ కారులోనే రాశాను. వీధి చివర డప్పులు, నినాదాలు. ముందు సీట్లో నాన్న గడియారం చూస్తూ, "ఇగ అర్ధగంటనే ఉంది బిడ్డా, జర జల్ది" అనేవాడు. అక్కడ ఏ పేపర్లోనూ ఒక్క ప్రశ్న మిగలనివ్వలేదు నేను.

ఈరోజు హాల్లో ఆ గొంతు కోసమే ఎదురుచూస్తూ కూర్చున్నానేమో, బెల్లు కొట్టేసరికి ఫిజిక్స్‌లో కొన్ని ప్రశ్నలు అలాగే ఉండిపోయాయి. సీటు వస్తుందో, రాదో...

తిరిగొస్తుంటే చందానగర్ దగ్గర నాన్న అలవాటు కొద్దీ అడిగాడు:

"రేపు మళ్ల బంద్ అంట. ఏం పేపర్ రాస్తవ్ బిడ్డా?"

అని, వెంటనే నాలుక కరుచుకున్నాడు.

"ఫిజిక్స్ రాస్త నాన్నా" అన్నాను.