పేజీ అడుగున అంకె

కారా-బులున్,
2004 ఆగస్టు 3, మంగళవారం.

ప్రియమైన చోల్పొన్‌కు,

నువ్వూ, మీ అమ్మగారూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మా అమ్మ మోకాళ్ళ నొప్పులు తప్పిస్తే అందరం బాగానే ఉన్నాం. ఏడాదిన్నర తర్వాత కవరు మీద నా చేతిరాత చూసి, చింపాలా వద్దా అని కాసేపు తటపటాయించి ఉంటావు. చింపావు, అదే చాలు. ఈ ఏడు ఏప్రికాట్లు విరగకాశాయి. నీకో బుట్ట పంపుదామంటే బస్సు రావడం లేదు, ఎందుకంటే వంతెన లేదు. వంతెన ఎందుకు లేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

వచ్చే సోమవారం విచారణ కమిషన్ వాళ్ళు నిన్ను పిలుస్తారు. మన వెబ్‌పేజీ అడుగున నువ్వు పెట్టిన కౌంటర్ గురించి అడుగుతారు. దాని కింద చిన్న అక్షరాల్లో నీ పేరుంది కదా. ఆ పిలుపు కాగితం నీ చేతికి అందేలోపు జరిగింది నా ద్వారా తెలియాలని రాస్తున్నాను.

నీకు మొదటి సంగతి గుర్తుండే ఉంటుంది. "కొండమీది సరస్సు నీటిమట్టం రోజూ వెబ్‌సైట్లో పెడుతున్నారు, బాగానే ఉంది. చూసేవాళ్ళెవరు? ఆరు నెలల్లో చూపించండి, లేకపోతే పరిశీలన కేంద్రం మూసేస్తాం" అని రాజధాని నుంచి తాఖీదు వచ్చింది. నిన్ను బతిమాలి పిలిపించుకున్నాను. మా ఇంట్లో మూడు రోజులుండి కౌంటర్ తయారుచేశావు. కారులో కిలోమీటర్లు చూపించే మీటరులా నల్లగళ్ళలో ఆకుపచ్చ అంకెలు. పేజీ ఎవరు తెరిచినా ఒకటి పెరుగుతుంది. ఆ రోజు లెక్క పక్కనే విడిగా కనిపిస్తుంది.

"ఐదువేల నుంచి మొదలుపెట్టవే, సున్నా చూస్తే నవ్వుతారు" అన్నాను. "పుట్టిన బిడ్డకు మీసాలు అంటిస్తావా?" అన్నావు. నేను నవ్వలేదు. నీకేం, నీ జీతం రాజధానిలో భద్రంగా ఉంది, ఇక్కడ నలుగురి పొయ్యిలు ఆరిపోతాయి అని నోటికొచ్చినట్టు అన్నాను. నువ్వు సంచీ తీసుకుని, అమ్మ చాచిన పళ్ళెంలోంచి రొట్టె ముక్కయినా తుంచకుండా గడప దాటావు. అమ్మ ఆ మాట ఇప్పటికీ ఎత్తుతుంది.

మొదటివారం మొత్తం కలిపి ఇరవై ఆరుసార్లు తెరిచారు. అందులో ఇరవై సార్లు మేమే. ఆ తర్వాత కౌంటర్ పుంజుకుంది. రోజుకు తొంభై, నూటయాభై, ఒక్కోరోజు మూడొందలు. మా కేంద్రం పెద్దాయన, అందరం అన్నగా బైకె అని పిలిచే తెమిర్‌కుల్ ఆనందం చూడాలి నువ్వు! పొద్దున టీ గిన్నె చేత్తో పట్టుకుని నా కంప్యూటర్ వెనక నిలబడి అంకె గట్టిగా చదివేవాడు. రాజధానికి రాసే ప్రతి నివేదికలో దాన్ని మొదటి వాక్యం చేశాడు. కేంద్రం నిలబడింది. మన చోల్పొన్ చేతిచలవ అని అందరితో చెప్పాను.

జుమాబాయ్ బైకె నీకు తెలుసు. కేంద్రం తరఫున బూడిదరంగు గుర్రం మీద ఊరూరా తిరిగి, పై సరస్సు నుంచి వరద వచ్చే కబురు అరిచి చెప్పేవాడు. నువ్వున్నప్పుడు నిన్ను గుర్రం ఎక్కించి నవ్వించాడు కూడా. ఈ వసంతంలో తెమిర్‌కుల్ బైకె ఆయన్ను పిలిచి, "ఇంతమంది పేజీ చూస్తుంటే ఇక గుర్రం దేనికి జుమాబాయ్? కాలం మారింది" అన్నాడు. జుమాబాయ్ బైకె టోపీ సర్దుకుని, "మారితే మారనీ, గుర్రానికి చెప్పడమే కష్టం" అని వెళ్ళిపోయాడు. నేను అదే గదిలో ఉన్నాను.

జూలై 22, గురువారం. పదిన్నరకు సరస్సు దగ్గరి గుడారం నుంచి మా పరిశీలకుడు రేడియోలో పిలిచాడు. సరస్సును ఆపుతున్న రాళ్ళగట్టు అడుగు నుంచి బురదనీళ్ళు ఊరుతున్నాయి, ధార లావవుతోంది అన్నాడు. నేను వెంటనే పేజీలో ఎర్ర అక్షరాలతో పెట్టాను: నది ఒడ్డున ఎవరూ ఉండవద్దు, పశువులను పైకి తోలండి. తెమిర్‌కుల్ బైకె నది దిగువనున్న తాష్-కెచూ ఊరికి ఫోను చేశాడు. అక్కడ ఉన్నది ఒక్కటే ఫోను, పంచాయితీ గదిలో. గడ్డికోతల రోజులు కదా, గదికి తాళం. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే.

తర్వాత ఆయన తన గదిలోకి వెళ్ళి పేజీ తెరుచుకుని కూర్చున్నాడు. కాసేపటికి నన్ను కేకేశాడు. "చూశావా బురుల్! మూడొందల తొంభై! తాష్-కెచూ జనాభా ఎంత? నాలుగొందల పది. మిగిలిన ఇరవైమందీ చంటిపిల్లలే అయ్యుంటారు" అన్నాడు. ముఖంలో గుండె కుదుటపడిన వెలుగు.

నేను వెంటనే, "బైకె, కౌంటర్ తప్పు చూపిస్తోందేమో. జీపు పంపుదాం" అన్నాను.

"ఏడాదిన్నరగా తప్పు చూపనిది ఇవాళే చూపిస్తోందా? నీ స్నేహితురాలు చేసిందేగా? బంగారమని నువ్వే అన్నావుగా?" అన్నాడు.

మేకుకున్న తాళంచెవి తీసుకుని జీపు నేనే నడుపుకుంటూ వెళ్ళాను. ఇరవై ఆరు కిలోమీటర్లు, గంట దారి. పన్నెండూ నలభైకి తాష్-కెచూ మైదానం చేరాను. నది పక్కనే ఊరంతా ఉంది. ఆడవాళ్ళు గడ్డి పోగులు వేస్తున్నారు, పిల్లలు పోగుల మీద దొర్లుతున్నారు. జీపు దిగి, పేజీలో పెట్టాం, చూడలేదా అని అరిచాను.

"ఏ పేజీ తల్లీ?" అంది జుమాబాయ్ బైకె చెల్లెలు, నేను ఎజె అని అక్క వరుసతో పిలిచే అనార్‌కుల్. "కరెంటు పోయి నాలుగు రోజులైంది. బడిలో కంప్యూటర్ మీద కోడి గుడ్లు పెడుతోంది." అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది.

జుమాబాయ్ బైకె ఒక్కడే నవ్వలేదు. నది వంక చూస్తున్నాడు. పొద్దుటినుంచీ మోకాలిలోతున్న నీళ్ళు చీలమండకు దిగాయి. "పైన ఎక్కడో ఆగింది. ఆగిందంటే వస్తుంది" అన్నాడు. "నవ్వులు తర్వాత. పిల్లల్ని ఎత్తుకోండి. గడ్డి వదిలెయ్యండి." గుర్రానికి కట్టిన గడ్డి దంతె విప్పేసి, జీను లేకుండానే ఎక్కాడు. కింది మైదానంలో ఇంకా పద్నాలుగుమంది ఉన్నారు, చెట్ల మాటున వాళ్ళకు మా అరుపులు వినపడవు. "నీ ఉద్యోగం పోయిందిగా అన్నా, నువ్వెందుకు?" అని అనార్‌కుల్ ఎజె ఏడుపు గొంతుతో అరిచింది. "ఉద్యోగం తీశారు, గొంతు తియ్యలేదుగా" అంటూ గుర్రాన్ని అదిలించాడు.

మేము గుట్ట సగం ఎక్కేసరికి వచ్చింది. ముందు వాసన వచ్చింది చోల్పొన్, కొత్తగా తవ్విన గోతి వాసన. ఆ తర్వాత కాళ్ళ కింద నేల వణికింది. నీళ్ళలా లేదు. నల్లటి గోడ ఒకటి బండరాళ్ళను, చెట్లను దొర్లించుకుంటూ నడిచొచ్చినట్టుంది. వంతెన ఒక్కసారి పైకి లేచి మాయమైంది. ఒడ్డునున్న ఏడు ఇళ్ళు, ఏడాదికి సరిపడా గడ్డి, కట్టుకొయ్యలకున్న ఆవులు, అన్నీ పోయాయి.

కింది మైదానంలో పద్నాలుగుమందీ బతికారు. అందరినీ పైకి తోలి చివర్న ఎక్కుతున్న జుమాబాయ్ బైకెను ఒక దుంగ వచ్చి కొట్టింది. గుర్రం దొరకలేదు. ఆయన దొరికాడు. ఆసుపత్రిలో కుడికాలు మోకాలి పైకి తీసేశారు.

ఊరివాళ్ళు నా తల మీద తెల్లని రుమాలు కట్టి, మమ్మల్ని బతికించిన బిడ్డవని దీవించారు. జిల్లా పత్రికలో ఫోటో వేశారు. కమిషన్ వచ్చింది. కబురు ఎందుకు పంపలేదంటే, లోపమంతా కౌంటర్‌లోనే ఉందని, అది తయారుచేసిన మనిషిని అడగండని తెమిర్‌కుల్ బైకె రాసిచ్చాడు. ఆయన రాస్తుంటే నేను పక్కనే ఉన్నాను.

నిన్ను అడిగినప్పుడు, నువ్వు చేసిపెట్టి వెళ్ళిపోయావని, తర్వాత సంగతి తెలియదని చెప్పు. మీ అమ్మగారికి నా నమస్కారాలు.

ఎప్పటికీ నీ,
బురుల్

తా.క. గురువారం, ఐదో తేదీ.

ఉత్తరం మడిచి రెండు రోజులు సంచీలోనే పెట్టుకు తిరిగాను. పైన రాసినదాంట్లో రెండు అబద్ధాలున్నాయి.

నీ కౌంటర్‌లో ఏ లోపమూ లేదు. నువ్వు వెళ్ళిన తర్వాతి వారం నేనే దాని కోడ్‌లో ఒక వరుస మార్చాను. ఒకరు తెరిస్తే ఒకటి పెరగాల్సింది ముప్పై పెరిగేలా చేశాను. ఆ రోజు మూడొందల తొంభై అంటే పదమూడు. ఒకటి నేను, ఒకటి రాజధాని. మిగిలిన పదకొండూ తెమిర్‌కుల్ బైకెవే, అంకె పెరిగిందో లేదో చూసుకోవడానికి మళ్ళీ మళ్ళీ తెరిచాడు. తాష్-కెచూ నుంచి ఒక్కరూ లేరు. అది నాకొక్కదానికే తెలుసు.

రెండోది, "వెంటనే" అన్న మాట. ఆయన అంకె చదివాక నేను వెంటనే నోరు విప్పలేదు. నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. చెబితే ఉద్యోగం పోతుంది, కేంద్రం పోతుంది, గట్టు నిలబడుతుందేమో, ఎవరో ఒకరు ఫోనెత్తుతారేమో అనుకుంటూ గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను.

నిన్న కమిషన్ దగ్గరికి వెళ్ళి నువ్వు రాసిన అసలు ఫైలు, నేను మార్చిన ఫైలు రెండూ ఇచ్చి, సంతకం పెట్టి వచ్చాను. నిన్ను ఇక పిలవరు. తెమిర్‌కుల్ బైకె నన్ను తిట్టలేదు.

అక్కడి నుంచి ఆసుపత్రికి వెళ్ళాను. జుమాబాయ్ బైకెకు ఏదీ దాచకుండా చెప్పాను. అంతా విన్నాక, "తెలిసీ ఎంతసేపు కూర్చున్నావు?" అని అడిగాడు.

"నలభై నిమిషాలు బైకె."

దుప్పటి పల్లంగా ఉన్న చోట చెయ్యి వేశాడు. "నలభై నిమిషాలుంటే కింది మైదానానికి నేను నడిచే వెళ్ళేవాణ్ణి" అన్నాడు.

మంచం పక్కన కూర్చున్న అనార్‌కుల్ ఎజె లేచి, నేను బయటికి వెళ్ళడానికి తలుపు తెరిచి పట్టుకుంది.