చల్లని బిళ్ళ

మా ఇంటావిడకి,

ఇక్కడ నేను కులాసా. మోకాలూ కులాసాయే. నువ్వు పంపిన తైలం పనిచేసింది కానీ ఆ వాసనకి ఆఫీసులో ఎవరూ నా పక్కన కూర్చోవడం లేదు. నువ్వూ, నీ కుట్టుమిషనూ, షాపు మెట్ల మీది పిల్లీ క్షేమమని తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. వేళకే తింటున్నాను. నీలం చొక్కాకి గుండీ కుట్టుకోలేదు, పిన్నీసుతో నడుస్తోంది. కుళాయి కారడం ఆగింది. నేను బాగుచెయ్యలేదు, అసలు నీళ్ళే రావడం లేదు. ఇక షాపు వెనక గదిలోకి సింగిల్ మంచం కొననా, డబుల్ మంచం కొననా అని అడిగి, కింద గట్టిగా గీత గీశావు. దానికి జవాబు చివర్లో ఉంది. కాగితం తిప్పి ముందే చూడకు. ఇంత పొడుగు ఉత్తరం నేను రాయడం పెళ్ళయ్యాక ఇదే మొదలు. కాస్త ఓపిక పట్టు.

మా మార్కెట్ పెద్ద బిళ్ళన్న మీద మనకి పాత తగువు ఒకటుంది కదా. నక్క తోక తొక్కి వచ్చాడు, లేకపోతే చేపల గంపలు మోసేవాడికి మార్కెట్టంతా చేతికి చిక్కుతుందా అని నీ వాదన. అదృష్టం ఒక్కటే కాదు, ఆశ కూడా ఉందని నా మనసులో ఉండేది. కానీ పైకి ఏమీ అనేవాణ్ణి కాదు. అందుకని నువ్వే గెలిచాననుకునేదానివి.

ఆ కథ నువ్వు విన్నావు, నేను చూశాను. పాత పెద్దాయన మంచాన పడేసరికి ఆయన కింది నలుగురు అనుచరులూ కత్తులు నూరుకుంటున్నారు. రక్తపాతం ఇష్టంలేక ఆయన ఒక మాట చెప్పాడు. పొద్దున గేటు దగ్గర చూపించి లోపలికొచ్చే ఇత్తడి బిళ్ళలు, కూలీలవి కూడా, అన్నీ తోలు సంచిలో వెయ్యండి. కళ్ళు మూసుకుని ఒకటి తీస్తాను, ఎవరిది వస్తే మార్కెట్ వాడిది. కూలీల బిళ్ళలు వేస్తుంటే ఆ నలుగురూ నవ్వారు. తీరా వచ్చింది గంపలు మోసేవాడి బిళ్ళ. అప్పట్లో తూకం మనిషిని నేనే కాబట్టి, దాని మీద గుర్తు చదవమని నా చేతికిచ్చారు.

అది నా వేళ్ళకి జిల్లుమంది. మిగతావన్నీ మనుషుల మొలతాళ్ళకి వేలాడి వెచ్చబడినవి. ఇదొక్కటే ఐసుగడ్డ కింద పడుకుని లేచి వచ్చింది. నేను గుర్తు చదివాను. చలి సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

అప్పట్నించి మార్కెట్లో ఏ తగువైనా ఆ సంచే తీరుస్తుంది. ఎవరి మామూలు ఎంతో తెలిసిన గుమాస్తా పని మానాలన్నా అంతే. అందరి బిళ్ళల్లోంచి అతనిదే రావాలి. రాకపోతే మళ్ళీ అడగడానికి లేదు. నాకు ముందున్న గుమాస్తా అడిగాడు, రాలేదు, చివరికి కుర్చీలోనే పోయాడు. ఇప్పుడు నేను కూర్చున్నది ఆ కుర్చీలోనే. ఇన్నాళ్ళూ నువ్వు రమ్మని రాస్తుంటే నేను వానల గురించి జవాబు రాసింది అందుకే.

ఇప్పుడు అసలు మాట. మొన్న నేను పని మానేస్తానని సెలవడిగాను.

సంచి తీసే రోజు తెల్లవారగానే ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళి నా బిళ్ళని గడ్డల మధ్య దూర్చాను. చివరిక్షణంలో సంచిలో వేశాను. తీసేది బిళ్ళన్న. ఆ ఎత్తు కనిపెట్టినవాడి మీదే ఆ ఎత్తు వేశాను.

ఆయన చెయ్యి సంచిలో తిరిగి తిరిగి, టక్కున ఆగింది. కళ్ళు తెరిచి నన్ను చూశాడు. మార్కెట్టంతా చూస్తోంది. చెయ్యి బయటికి తీశాడు కానీ పిడికిలి విప్పలేదు. చేపల ధరలు అడిగాడు, ఎవరికో పెళ్ళి కుదిరిందా అని వాకబు చేశాడు, ఎవరినో కాటా సరిచెయ్యమన్నాడు. అంతసేపూ బిళ్ళ ఆయన పిడికిట్లోనే ఉంది. చివరికి తూకం మనిషి చేతికందుకుని గుర్తు చదివేసరికి అది అందరి బిళ్ళల్లాగే వెచ్చగా ఉంది.

నాది.

అందరూ నా వీపు చరిచి నక్క తోక తొక్కావన్నారు. నువ్వు గుర్తొచ్చి నవ్వాగలేదు.

తరవాత బిళ్ళన్న నన్ను ఐసు గదిలోకి పిలిచి తలుపు మూశాడు.

"ఎప్పట్నించి తెలుసు?"

"ఆ రోజు నించే అన్నా."

"ఇంట్లో కూడా చెప్పలేదా?"

"లేదన్నా."

గంప మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. "ఇన్నేళ్ళు నా ఎదురుగా కూర్చుని తెరవని నోరు, గేటు దాటితే తెరుస్తావా? పో, హాయిగా పో."

ధైర్యం చేసి అడిగాను, పెద్దాయనతో ముందే మాట్లాడుకున్నారా అని.

"లేదురా. ఆయనకి అరిచేతుల మంటలు. నా గంపలోంచి రోజూ ఐసుముక్క ఏరుకుని పట్టుకునేవాడు. అది చూసి ఆశ పుట్టింది. బిళ్ళ చల్లబెట్టడం వరకే నా చేతిలో ఉంది. ఆయన చెయ్యి ఇంకో పక్కకి పోయుంటే ఈపాటికి నడుం విరిగి మూలన పడుండేవాణ్ణి." నా వైపు తిరిగి అడిగాడు. "నాకు మంటల్లేవుగా, మరి నువ్వేం చూసుకుని వేశావు?"

"మీకు గుర్తుంటుందని అన్నా."

ఆయన మళ్ళీ నవ్వలేదు. నా పిన్నీసు సరిచేసి, ఈ సంగతి మీ ఆవిడకొక్కదానికే చెప్పుకో, కాగితం మాత్రం కాల్చెయ్యమను అన్నాడు.

కాబట్టి తగువులో నువ్వు సగం గెలిచావు, నేను సగం గెలిచాను. కొత్త గుమాస్తాకి పుస్తకాలప్పగించి, వచ్చే వారంలో బయల్దేరతాను. ఉత్తరం పొయ్యిలో వెయ్యి. ఈ కిందిముక్క మాత్రం చింపి, మంచాల కొట్టుకి పట్టుకెళ్ళు.

డబుల్ మంచమే కొను.

ఇట్లు,
గుండీ నీతోనే కుట్టించుకోబోయే
మీ ఆయన