టెరెల్ మెరివెదర్‌ను మళ్లీ ఆటలోకి దింపవద్దని

ఈరీ ఆంకర్స్ ఫుట్‌బాల్ జట్టు జనరల్ మేనేజరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: రన్నింగ్ బ్యాక్ టెరెల్ మెరివెదర్ (వయసు ముప్పై నాలుగు)ను ఈ సీజనుకు జట్టులోనికి తీసుకొను ఆలోచన విరమించుకొనవలెనని కోరుతూ.

క్రింద సంతకం చేసిన ఓటిస్ క్లేబోర్న్ అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు టెరెల్, నేను తమ జట్టులోనే చాలా ఏళ్లు కలిసి ఆడియున్నాము. నేను ముందు ఉరికి ఎదుటివారిని కుమ్మి దారి చేయువాడను. అతడు బంతిని చంకన పెట్టుకుని నా వెనుక ఉరికి వచ్చువాడు. ఊరంతా అతని పేరే అరిచేది, నాకు అదే చాలు. కావున ఈ అర్జీ అసూయతో వ్రాయబడినది కాదని గ్రహించగోరెదను.

2. అతని స్థానంలో ఆడు తమ కుర్రవాళ్లిద్దరికీ మోకాళ్లు దెబ్బతిన్నందున మొన్న మంగళవారం అతనిని పరీక్షకు పిలిపించితిరి. బాగా పరుగెత్తినాడు, కాదనను. తమ కోచ్‌లు గడియారం చూసి తలలు ఊపినారు. అయితే ఆ మైదానంలో అతణ్ని గుద్దేవాడు ఒక్కడూ లేడు. పరీక్ష ముగిసిన పిమ్మట కారులో కూర్చుని, తాళంచెవి చేతిలో పట్టుకుని, "ఒరేయ్ ఓటిస్, ఇంటికి ఎటురా?" అని అడిగాడు. నేను బిత్తరపోయి చూస్తే, "ఊరికే అన్నాలేరా, నీ మొహం చూడు" అని నవ్వేశాడు. నవ్వుతూనే ఉన్నాడు, కారు మాత్రం కదల్లేదు. చివరికి నేనే నడిపాను.

3. ఇంటి గుమ్మంలో అతని భార్య రోండా నన్ను పక్కకు పిలిచి, "అన్నయ్యా, పిలుస్తారంటావా?" అని అడిగినది. నీకేం కావాలమ్మా అన్నాను. "ఆయన ముందు పిలవాలనే అంటున్నా. బాత్రూంలోకెళ్లి పిలవకూడదని ప్రార్థన చేసుకుంటున్నా" అన్నది. అయ్యా, ఇది అర్జీలో వ్రాయదగిన సంగతి కాదని తెలుసు.

4. కాదని చెప్పునప్పుడు, ఇన్నేళ్లు గుద్దులు తిని మతి తప్పుతున్న అతని తల ప్రస్తావన తేవద్దని ప్రార్థన. ముసలివాడివైపోయావని చెప్పండి. కాళ్లలో పస తగ్గిందని చెప్పండి. అబద్ధమే, అయినా ఆ మాట పడతాడు. తల మాట పడలేడు.

5. తీసుకొనుటకే నిశ్చయించినచో నన్ను కూడ జీతము లేకుండా తీసుకొనవలెను. నా మోకాలిలో ఇనుప కడ్డీ ఉన్నది, పరుగెత్తలేను. అతని పక్కన నిలబడి, తుంటి మీద తట్టి, ఎటు పోవాలో చెప్పుటకు మాత్రం పనికివస్తాను.

ఇంతకు మించి వ్రాయుటకు చేయి రానందున, ఈ కొద్దిపాటి విన్నపమునే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఓటిస్ క్లేబోర్న్

తా.క.: సంతకం చేస్తుండగా టెరెల్ వచ్చాడు. దాచబోతే లాక్కుని మొత్తం చదివాడు. రోండా మాట దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి చదివాడు. కొడతాడనుకున్నాను. కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "అన్నీ నిజాలే రాశావురా" అన్నాడు. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "ఒక్క ఆట ఆడనివ్వరా. ఆ తర్వాత పంపు" అన్నాడు. నన్ను అతను ఎన్నడూ ఏదీ బతిమాలలేదు.

సరేనన్నాను. అతను వీధి మలుపు తిరగ్గానే పోస్టులో వేస్తున్నాను.