మీటరు ముల్లు కదలని రోజు

జువ్వలదిన్నె,
20-1-1966, గురువారం.

ప్రియమైన క్రీస్తురాజు అన్నకు,

ప్రభువు నామంలో నీ తమ్ముడు సమాధానం వందనాలు. ఇక్కడ అందరం క్షేమమే అని రాయాలి గానీ, నువ్వు నెల్లూరు ఆసుపత్రిలో మంచం మీదుంటే ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. కరెంటు కొట్టిన కుడిచేత్తో నువ్వు కాగితం పట్టుకోలేవు కాబట్టి ఇది రెబెక్కమ్మ వదినే చదివి వినిపిస్తుంది. వదినా, నీకూ వందనాలు.

కట్టు విప్పారని, రెండు వేళ్లు ఇంకా ముడుచుకోవడం లేదని నిన్ను చూసొచ్చిన మన ఫ్యాక్టరీ కామాక్షయ్య చెప్పాడు. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. నిన్ను చూద్దామని రెండుసార్లు బయల్దేరాను. రెండుసార్లూ బిట్రగుంట దాకా వెళ్లి, నెల్లూరు బస్సెక్కకుండా వెనక్కి వచ్చేశాను.

మన ఐసు ఫ్యాక్టరీలో మోటారు మళ్లీ తిరుగుతోంది. పడవలకు ఐసు అందుతోంది. పడవల చిన్నపోలయ్య రోజూ వచ్చి, మీ పెద్ద మేస్త్రీ ఎప్పుడొస్తాడని అడుగుతున్నాడు. ఏం చెప్పను? మోటారు గదిలోకి పోతే నీ గొంతే వినపడుతోంది. మీటరును ముందు కరెంటున్న ప్లగ్గులో పెట్టి చూడమనేవాడివి. తర్వాత పని చేసే చోట చూసి, మళ్లీ ప్లగ్గులో చూడమనేవాడివి. యేసును ఎరగనని పేతురంతటివాడే మూడుసార్లు బొంకినాడు, ఈ డబ్బా ఏపాటిది, దీన్నీ మూడుసార్లు అడగాల్సిందే అని నవ్వించేవాడివి. పనిలో చేరిన కొత్తలో నాకది చాదస్తంగా ఉండేది.

అసలు సంగతికి వస్తాను. సోమవారం కరెంటు ఇన్‌స్పెక్టరు విచారణకు వస్తున్నాడు. పక్కపక్కనే ఉన్న రెండు ఫ్యూజు పెట్టెల్లో నువ్వు మోటారుది వదిలేసి రెండోదాంట్లో ఫ్యూజులు తీశావని, కరెంటు పోయిందో లేదో చూడకుండానే మోటారు తీగలు పట్టావని మేనేజరు కాగితం రాశాడు. ఆ కాగితమే నిలబడితే నీ ఉద్యోగం పోతుంది, లైసెన్సూ పోతుంది. నువ్వేమో తప్పంతా నాదే, ఆ పిల్లోడి జోలికి పోవద్దని చెప్పి పంపావట. ఏం మనిషివన్నా నువ్వు! నాకు ఒళ్లు మండింది. నాలుగు తిట్టి ఉంటే నాకు కాస్త నిద్రయినా పట్టేది.

నేను మీటరు పెట్టి చూశానని, ముల్లు కదల్లేదని మేనేజరుతో చెప్పాను. మీటరు పాతబడిందని కూడా అన్నాను. ఆయన తల ఊపాడే గానీ కాగితంలో ఆ మాట ఎక్కించలేదు.

ఆదివారం చర్చిలో నీకోసం ప్రార్థన చేశారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. త్వరగా కోలుకుని రా.

ఇట్లు,
నీ తమ్ముడు,
సమాధానం

తా.క. పోస్టు డబ్బా దాకా వెళ్లి, ఉత్తరం వెయ్యకుండా ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. వదినా, ఈ ముక్క కూడా పైకే చదువు.

మీటరు మంచిదే అన్నా. ఉప్పుగాలికి దాని తీగల మొనలు తుప్పు పడుతున్నాయని, క్రిస్మసుకు చర్చిలో మిగిలిన కొవ్వొత్తి కరిగించి వాటికి పూశాను. వాడేముందు గీకేద్దాం అనుకున్నాను. ఆ రోజు పడవలవాళ్లు ఐసు కోసం గోల చేస్తుంటే ఆ కంగారులో మరిచిపోయాను. ప్లగ్గులో చూసినావా అని నువ్వడిగావు. చూసినానన్నా అన్నాను. చూడలేదు. చూసి ఉంటే అక్కడే తెలిసిపోయేది. మైనం అడ్డుపడి ముల్లు కదల్లేదు. కరెంటు లేదు, పట్టుకో అన్నది నేనే. నా మాట నమ్మి పట్టుకున్నావు.

నిన్ను అందరూ బండి దగ్గరికి మోసుకుపోతుంటే నేను వెంట రాలేదు. మోటారు గదిలో నిలబడి గోటితో ఆ మైనం గీకుతూ ఉన్నాను.

ఈ ఉత్తరం నువ్వు ఇన్‌స్పెక్టరుకు చూపించవు, నీ సంగతి నాకు తెలుసు. అందుకే ఇదంతా ఇంకో కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఆయన పేరు మీద దీంతోపాటే పోస్టు చేస్తున్నాను.