తొమ్మిదో క్యాసెట్‌లో మా వాగు లేదు

పర్ణశాల,
12-6-1992

క్యాసెట్ కంపెనీ మేనేజరు గారికి నమస్కారాలు.

ఇక్కడ వాగు పక్కన సీతమ్మ చీర ఆరేసిన రాళ్లున్నాయి. వాటి మీద పడ్డ చీర చారలను మూడు తరాలుగా మా ఇంటివాళ్లమే యాత్రికులకు చూపిస్తున్నాం. అమ్మవారిని ఎత్తుకెళ్లింది కూడా ఇక్కడి నుంచే. మీరు అమ్ముతున్న రాముడి సీరియల్ తొమ్మిదో క్యాసెట్‌లో ఆ ఘట్టం ఉంది గానీ, వాగూ లేదు, రాళ్లూ లేవు.

నిన్న తల్లాడ నుంచి యాత్రకొచ్చిన ఒక పెద్దమ్మ, "వీడియోల గిట్ల లేదు గదా, ఉత్తదే చెప్తున్నవ్" అని నన్ను కసిరింది. నా భార్య ముత్తక్క కూడా, "గంత పెద్ద కంపెనీ తప్పు తీస్తదా? మీ తాతనే వేరే రాళ్లు చూపిచ్చిండేమో" అంది. రాత్రి నేను అన్నం తినలేదు.

దయచేసి ఆ ఘట్టం మా వాగు దగ్గర మళ్లీ తీయించండి. బంగారు లేడికి సీతయ్య బావ తన మేకనిస్తానన్నాడు, పసుపు మాత్రం మీరే తెచ్చుకోవాలి. రావణుడికి భోజనం మా ఇంట్లోనే.

అప్పటిదాకా మా ఊరి వీడియో హాలులోని తొమ్మిదో క్యాసెట్‌ను వడ్ల గాదెలో దాచాను. జనం ఎనిమిదోది చూసి ఇళ్లకు పోతున్నారు. మా ఊళ్లో సీతమ్మ ఇంకా చీర ఆరేసుకుంటూనే ఉంది.

ఇట్లు,
రాళ్లు చూపించేవాడు