పందొమ్మిది గుమ్మాలు

ఏప్రిల్ 2

ఊరి ఆఫీసు వెనక గదిలో పాత రికార్డు స్కాన్ చేస్తున్నాను. 1775 నాటి పుటకు అతుక్కుపోయిన మరో పుట ఈరోజు విడివడింది. మొదటి పుట మా మసాచుసెట్స్ పల్లెలో అందరికీ కంఠస్థం: “జోథమ్ విప్పుల్ ఈ పందొమ్మిది ఇళ్లను వార్న్ చేసెను.” స్వాతంత్ర్య పోరాటం మొదలైన రోజున, ఇంగ్లండు రాజు సైన్యం వస్తోందని గుర్రమెక్కి ఇల్లిల్లూ లేపాడని మా నమ్మకం. రెండో పుటలో ఆ ఇళ్లలో తలదాచుకున్నవాళ్ల పేర్లున్నాయి. అందరూ బీదవాళ్లు, బయటినుంచి వచ్చినవాళ్లు. ప్రతి పేరు పక్కనా ఒకటే మాట: “పద్నాలుగు రోజుల్లో ఊరు విడువవలెను.”

జోథమ్ కానిస్టేబుల్. అప్పట్లో వార్నింగ్ అంటే అదీ: బీదవాళ్లను ఊళ్లోంచి పొమ్మనడం.

ఏప్రిల్ 3

ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్ 7

కార్ల్టన్ మేపుల్ పాకం సీసా తెచ్చిచ్చాడు. జోథమ్ వంశంలో మిగిలింది అతనొక్కడే. డెబ్బై ఎనిమిదేళ్లు. ఆ స్వారీకి గుర్తుగా నలభై ఏళ్లుగా ప్రతి ఏప్రిల్ పందొమ్మిదిన గుర్రమెక్కి ఆ పందొమ్మిది గుమ్మాలకూ వెళ్తాడు. మా ఇల్లు ఆఖరుది. ఈసారి జోథమ్ పేర కంచు ఫలకం కూడా పెడుతున్నారు.

“ఏం క్లర్కమ్మా, మొహం అలా పెట్టావ్? గుర్రం పడేస్తుందనా? దానికీ నాకూ కీళ్లనొప్పులే. పడేసే ఓపిక దానికెక్కడిదీ!” అని నవ్వాడు.

సీసా పుచ్చుకుని, రికార్డు మూసేశాను.

ఏప్రిల్ 12

ఊరి బోర్డు ఛైర్మన్ హోలిస్‌కు ఆ పుట చూపించాను. తలుపు వేసొచ్చి, “ఫలకం పోత పోయించేశాం. ముసలాయనకిదే ఆఖరి స్వారీ. ఆ పుట మళ్లీ అతికించెయ్” అన్నాడు. జిగురు కావాలా అని కూడా అడిగాడు. హాస్యానికి కాదు.

ఏప్రిల్ 16, సాయంత్రం 4

ఆ పుట జెరాక్స్ పట్టుకుని కార్ల్టన్ గుర్రపుశాలకు వెళ్లాను. జీను తుడుస్తున్నాడు. రెండుసార్లు చదివాడు. ఇంకెవరికి తెలుసన్నాడు. హోలిస్‌కని చెప్పాను. “అయితే వాడు పంపగా రాలేదన్నమాట నువ్వు” అన్నాడు. జీను వైపు తిరిగి, “ఇక వెళ్లు” అన్నాడు.

కాగితం తిరిగివ్వలేదు.

ఏప్రిల్ 18

కార్ల్టన్ ఫోన్ ఎత్తడం లేదు. హోలిస్ మాత్రం నాకు చేసి, “రేపు ఆయన రాకపోతే ఊరికి నువ్వే సమాధానం చెప్పుకో” అని పెట్టేశాడు.

ఏప్రిల్ 19

వచ్చాడు. ఏటా వీధి మలుపులోనే “లేవండి, సైన్యం వస్తోంది!” అని కేకేసేవాడు. ఈసారి కేక లేదు. మా గుమ్మం ముందు గుర్రం దిగి, టోపీ తీసి, నేనిచ్చిన కాగితం విప్పి, ఒకప్పుడు మా ఇంట్లో తలదాచుకున్నావిడ పేరు చదివాడు.

“మెర్సీ టఫ్ట్. ఇద్దరు పిల్లలు. పద్నాలుగు రోజులు.”

పద్దెనిమిది గుమ్మాల్లో చదివొచ్చిన గొంతు, బొంగురుపోయింది. వాడుక ప్రకారం వేడి డోనట్ ఇవ్వబోతే వద్దన్నాడు.

చలిగా ఉంది. తలుపు ఇంకా వేయలేదు.