గోధుమ చేనులో రోమన్ పిన్నీసు

గురువారం, మలీహా క్యాంపు

ఈ అరబ్బు ఎడారిలో వేసిన గోధుమ చేనులో పైపు కోసం కాలువ తవ్వుతుంటే ఈ రోజు నా పారకు పచ్చగా చిలుము పట్టిన పిన్నీసు ఒకటి తగిలింది. ఫోర్‌మన్ మల్లన్న, "పాత ఇనుము రా, పారెయ్, యల్లా, జల్ది!" అన్నాడు.

"ఇనుమైతే ఎర్రగ తుప్పు పడ్తదన్నా," అని పార కింద పెట్టేశాను. పనిలోంచి తీసేయిస్తానని అరిచినా కదల్లేదు. గొడవ విని ముదీర్, అదే మా మేనేజరు, మ్యూజియానికి ఫోన్ చేశాడు.

సాయంత్రం అక్కడి మేడమ్ వచ్చి చూసింది. రెండు వేల ఏళ్ల కిందట రోమన్లు భుజం మీద బట్ట జారకుండా పెట్టుకున్న కంచు పిన్నీసట! కనిపెట్టింది ఎవరని అడిగితే మల్లన్నే ముందుకొచ్చి, "రాజయ్య, మేడమ్! హమారా రాజయ్య!" అని నన్ను చూపించాడు.

ఇంకా ఏమున్నాయో మ్యూజియం వాళ్లు వెతుకుతారట, రేపటి నుంచి ఆ చేనులో మా పని బంద్. మమ్మల్ని ఎక్కడికి పంపుతారో...

ఇంటికి ఫోన్ చేస్తే నా భార్య, "బంగారమా?" అంది.

"కాదు, కంచు."

"మరి గింత సంబురమేంది?"

"మ్యూజియం రిజిస్టరుల నా పేరు రాసిన్రే!"